అమ్మానాన్నల వైద్యానికి ఏ కార్డు? ఆరోగ్యశ్రీ, వయ వందన, ఈఎస్‌ఐ, ప్రైవేటు పాలసీల్లో ఎవరికి ఏది

నిరుడు వానాకాలంలో ఓ రాత్రి పదకొండింటికి నాన్న బాత్‌రూమ్‌లో జారిపడ్డాడు. ఖమ్మం జిల్లాలో మాది చిన్న ఊరు. 108లో దగ్గరి టౌన్‌కు తీసుకెళ్లాం. ఆస్పత్రి ముందు ఆరోగ్యశ్రీ బోర్డు కనిపించగానే ఊపిరి పీల్చుకున్నాం. ఎక్స్‌రే తీశారు, తుంటి ఎముక విరిగిందన్నారు. ఆ తర్వాత కౌంటర్‌లో అబ్బాయి చెప్పాడు: "ఆరోగ్యశ్రీ ఉంది అన్నా, కానీ మాకు కిడ్నీలకు, జనరల్ సర్జరీకే ఉంది. ఎముకలకు లేదు." నాన్నను మళ్లీ స్ట్రెచర్ మీదకు ఎక్కించి ఇంకో ఊరికి తీసుకెళ్లేసరికి తెల్లారింది. ఆపరేషన్ ఆరోగ్యశ్రీలోనే అయింది, నాన్న ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. కానీ ఆ ఐదారు గంటలు ఆయన పడ్డ నొప్పి నా కళ్లముందు నుంచి పోలేదు.

ఏ ఆస్పత్రికి ఏ విభాగంలో అనుమతి ఉందో ఒక్క ఫోన్ చేసి ముందే అడిగి ఉంటే ఆ తిరుగుడు తప్పేది. అప్పటి నుంచి మా ఊళ్లో, కృష్ణా జిల్లాలో మా అత్తగారి ఊళ్లో పెద్దవాళ్ల కాగితాలు చూసిపెట్టడం నా పనైంది. చాలామంది అడిగేది ఒకటే: ఇన్ని కార్డులున్నాయి, మావాళ్లకు ఏది మంచిది? ఆ ప్రశ్నకు నాకు తెలిసినంతలో జవాబు ఇది.

రేషన్ కార్డు మీద ఒకటి, వయసు మీద ఒకటి

ముందుగా తెలుసుకోవాల్సింది ఏ పథకంలో ఎన్ని లక్షలు ఇస్తారన్నది కాదు, మీ పెద్దవాళ్లు ఏ ఆధారం మీద ఆ పథకంలో ఉన్నారన్నది. అది తెలిస్తే ఏ రోజు ఏ కారణంతో ఆ రక్షణ పోవచ్చో తెలుస్తుంది.

తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీకి ఆధారం ఆహార భద్రత కార్డు, అంటే మనం ఇప్పటికీ తెల్లకార్డు అని పిలిచేది. 2007 ఏప్రిల్‌లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఈ పథకం పరిమితిని 2023 డిసెంబరు 9న కుటుంబానికి ఏడాదికి 10 లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో అదే పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. అక్కడ పరిమితి 25 లక్షలు, ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు వర్తిస్తుంది. ఏపీలో దీన్ని కొంత ఇన్సూరెన్స్ కంపెనీల ద్వారా, కొంత ట్రస్టు ద్వారా నడిపే హైబ్రిడ్ పద్ధతికి 2025 సెప్టెంబరులో మంత్రివర్గం ఆమోదం తెలిపింది. కాబట్టి అక్కడివాళ్లు చికిత్సకు ముందు ఆస్పత్రిలోని వైద్యమిత్రను (పథకం తరఫున రోగులకు సాయం చేసే మనిషిని) ఒకసారి అడిగి వెళ్లడం మంచిది.

ఆయుష్మాన్ వయ వందన కార్డు కేంద్రానిది. 2024 సెప్టెంబరు 11న కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది, అక్టోబరు 29న మొదలైంది. 70 ఏళ్లు నిండితే చాలు. ఆదాయం ఎంత, పొలం ఎంత, కొడుకు ఏం ఉద్యోగం చేస్తున్నాడు, ఇవేవీ అడగరు. ఆధార్ ఒక్కటే కాగితం. ఏడాదికి 5 లక్షల వరకు ఆస్పత్రి ఖర్చు భరిస్తారు. అప్పటికే ఆయుష్మాన్ భారత్‌లో, అంటే పేద కుటుంబాలకు కేంద్రం ఇచ్చే ఉచిత వైద్య పథకంలో, ఉన్న కుటుంబమైతే ఇంట్లో 70 దాటినవాళ్ల కోసమే అదనంగా ఇంకో 5 లక్షలు. ఒకే ఇంట్లో భార్యాభర్తలిద్దరూ 70 దాటితే ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపి, ఒక్కొక్కరికి 5 లక్షలు కాదు. ఇది చాలామంది పొరబడే చోటు.

ఇప్పుడు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. పరిమితి చూస్తే 10 లక్షలు, 25 లక్షలు పెద్దవి, 5 లక్షలు చిన్నది. కానీ రేషన్ కార్డు పోవచ్చు, వయసు పోదు. ఇంట్లో ఒకరికి ప్రభుత్వ ఉద్యోగం వచ్చినా, కొడుకు ఇన్‌కమ్ టాక్స్ కట్టినా, ఈకేవైసీ (ఆధార్‌తో మనిషిని సరిచూడటం) చేయించుకోకపోయినా రేషన్ కార్డుకు ఇబ్బంది రావచ్చు. అమ్మానాన్నలు అదే కార్డులో ఉంటే వాళ్ల వైద్యం కూడా దాంతోపాటే పోవచ్చు. వాళ్లు సంపాదించింది లేదు, మారింది లేదు. అయినా ఓ రోజు ఆస్పత్రి కౌంటర్‌లో "మీ కార్డు ఇన్‌యాక్టివ్ చూపిస్తోంది" అనే మాట వినాల్సి వస్తుంది.

అందుకే 70 దాటినవాళ్ల విషయంలో నా సలహా సూటిగా ఉంటుంది: ఇదా అదా అని ఎంచుకోకండి. ఆరోగ్యశ్రీని కాపాడుకుంటూనే వయ వందన కార్డు ఈ నెలలోనే తీయించండి. దానికి రూపాయి కూడా కట్టనక్కర్లేదు. మా వీధిలో ఒకతను కార్డు చేయిస్తానని మనిషికి 300 తీసుకున్నాడు. ఆ డబ్బు ఇచ్చిన ముసలామె నెల పింఛనులోంచి తీసి ఇచ్చింది. ఆయుష్మాన్ యాప్‌లో పది నిమిషాల్లో మన ఫోన్‌లోనే చేసుకోవచ్చు. లేదంటే అనుబంధ ఆస్పత్రిలోని, అంటే ఆ పథకంలో ఉన్న ఆస్పత్రిలోని, ఆయుష్మాన్ డెస్క్ దగ్గర చేస్తారు.

ఆ పది నిమిషాల పని ఎక్కడ ఆగుతుందో కూడా చెప్పాలి. మా పెద్దమ్మ యాభై ఏళ్లు మిరప కోసింది, పత్తి ఏరింది. వేలిముద్ర యంత్రం మీద బొటనవేలు పెడితే పడలేదు. చూపుడువేలు, ఉంగరపువేలు, రెండు చేతులూ అయ్యాయి. ఆమె ప్రతిసారీ వేలిని చీర కొంగుతో గట్టిగా తుడిచి, తప్పంతా తనదే అన్నట్టు మళ్లీ పెట్టేది. చివరికి యాప్‌లో ముఖం చూపించే పద్ధతి ఉందని గుర్తొచ్చి ఫోన్ కెమెరా ఎదుట కూర్చోబెట్టాం. రెప్ప వేయమంటే వేసింది, అయిపోయింది. వేలిముద్ర పడటం లేదని ఎవరైనా వెనక్కి పంపితే కంటిపాప, ముఖం, ఓటీపీ అనే మూడు దారులు ఇంకా ఉన్నాయని చెప్పండి.

ఓటీపీతో ఇంకో చిక్కుంది. జగిత్యాల, నిజామాబాద్ వైపు చాలా ఇళ్లలో కొడుకు గల్ఫ్‌లో, తల్లిదండ్రులు ఊళ్లో. వాళ్ల ఆధార్‌కు లింకై ఉన్నది కొడుకు పాత నంబరు, అది ఎప్పుడో ఆగిపోయింది. ఓటీపీ ఎవరికీ అందదు. ఆధార్ సెంటర్‌కు వెళ్లి పెద్దవాళ్ల చేతిలో రోజూ ఉండే ఫోన్ నంబరు వేయించడం అన్నిటికంటే ముందు చేయాల్సిన పని.

రెండూ ఉంటే ఏది వాడాలి

మన రాష్ట్రంలోనే చికిత్స అయితే ఆరోగ్యశ్రీ లేదా వైద్య సేవనే ముందు వాడండి. కారణం అలవాటు. 2007 నుంచి నడుస్తున్న వ్యవస్థ అది. పెద్ద ఆస్పత్రుల్లో ఆరోగ్యమిత్ర (ఏపీలో వైద్యమిత్ర) కూర్చుని ఉంటారు, అనుమతి ఎలా తెప్పించాలో వాళ్లకు తెలుసు. అర్ధరాత్రి ఎమర్జెన్సీ అయితే ఫోన్ మీద అనుమతి తీసుకునే వీలుంది. గుండెకు స్టెంట్ వేయడం లాంటి కొన్ని పెద్ద చికిత్సలకు డిశ్చార్జి తర్వాత కూడా ఫాలో-అప్ ఉంటుంది, డాక్టరు, పరీక్షలు, మందులు కలిపి. చాలామంది డిశ్చార్జి అయి ఇంటికొచ్చాక ఆ సంగతి మర్చిపోయి మందులు సొంతంగా కొనుక్కుంటారు. డిశ్చార్జి కాగితం మీద ఫాలో-అప్ తేదీ ఉందా అని అడిగి రాయించుకోండి.

వయ వందన బలం రాష్ట్రం దాటినప్పుడు తెలుస్తుంది. అమ్మ ఆరు నెలలు బెంగళూరులో కూతురింట్లో, ఆరు నెలలు ఊళ్లో ఉండే కుటుంబాలు ఇప్పుడు ప్రతి వీధిలో ఉన్నాయి. ఆయుష్మాన్ కార్డు పథకం అమలవుతున్న ఏ రాష్ట్రంలోనైనా అనుబంధ ఆస్పత్రిలో చెల్లుతుంది. చేరడానికి ముందు మూడు రోజులు, డిశ్చార్జి తర్వాత 15 రోజుల పరీక్షలు, మందులు కూడా అందులోనే. పాత జబ్బులు ఉన్నాయని ఆగమనరు, కార్డు వచ్చిన రోజు నుంచే వైద్యం. షుగర్, బీపీ, గుండె జబ్బు ఉన్న 75 ఏళ్ల మనిషికి ఈ మాట ఎంత ధైర్యమో ప్రైవేటు పాలసీ కోసం తిరిగినవాళ్లకే తెలుస్తుంది.

ఈ రెండింటికీ ఒకే లోటు ఉంది. రెండూ ఆస్పత్రిలో చేరితేనే. రోజువారీ మాత్రలు, నెలనెలా డాక్టరు ఫీజు, రక్తపరీక్షలు వీటిలోకి రావు. పేద ఇళ్లలో పెద్దవాళ్ల డబ్బు నెలనెలా కరిగిపోయేది అక్కడే. దాని గురించి కింద చెప్తాను.

ఇంకో సంగతి కూడా ముందే తెలిసి ఉండాలి. బకాయిలు రాలేదని ప్రైవేటు నెట్‌వర్క్ ఆస్పత్రులు పథకం కింద చేర్చుకోవడం ఆపేసిన రోజులు 2025లో రెండు రాష్ట్రాల్లోనూ వచ్చాయి. కొన్ని ఆపరేషన్లను ప్రభుత్వ ఆస్పత్రులకే ప్రత్యేకించారు కూడా. కాబట్టి ఒక ప్రైవేటు ఆస్పత్రితోపాటు ఒక ప్రభుత్వ పెద్దాస్పత్రిని కూడా మనసులో పెట్టుకోండి: వరంగల్ వైపు ఎంజీఎం, హైదరాబాద్‌లో గాంధీ, ఉస్మానియా, నిమ్స్, విశాఖలో కేజీహెచ్, గుంటూరులో జీజీహెచ్, తిరుపతిలో రుయా. తల్లిదండ్రులు, వయోవృద్ధుల సంక్షేమ చట్టం 2007 సెక్షన్ 20 ప్రకారం ప్రభుత్వ ఆస్పత్రుల్లో వయోవృద్ధులకు వేరే క్యూ ఉండాలి. ఓపీలో గంటలు గంటలు నిలబెడుతుంటే ఆ మాట అడగడానికి మొహమాటపడకండి.

సీజీహెచ్‌ఎస్, ఈసీహెచ్‌ఎస్ ఉన్నవాళ్లు తొందరపడకండి

కేంద్ర ప్రభుత్వంలో చిన్న ఉద్యోగం చేసి రిటైరైనవాళ్లు, మాజీ సైనికులు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ఉద్యోగుల వైద్య పథకం), ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికులది), కేంద్ర బలగాల ఆయుష్మాన్ పథకం ఉన్నవాళ్లు వయ వందన తీసుకోవాలంటే రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి. నా మాట: ఉన్నది వదలకండి. సీజీహెచ్‌ఎస్‌లో నెలనెలా మందులు, ఓపీ వైద్యం వస్తాయి, వయ వందనలో అవి లేవు. పక్కింటివాళ్లు తీసుకున్నారని యాప్‌లో నొక్కేయకండి.

ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా), ప్రైవేటు పాలసీ ఉన్నవాళ్లకు ఆ షరతు లేదు. వాళ్లు అవి ఉంచుకుంటూనే వయ వందన తీసుకోవచ్చు.

120 రూపాయల ఈఎస్‌ఐ

ఇది చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లు కూడా ఎందుకో చెప్పరు. ఫ్యాక్టరీలోనో మిల్లులోనో కనీసం ఐదేళ్లు ఈఎస్‌ఐ కింద పనిచేసి, వయసు నిండి రిటైరైన కార్మికుడు ఏడాదికి 120 రూపాయలు కడితే తనకూ భార్యకూ వైద్యం కొనసాగుతుంది. స్వచ్ఛందంగా రిటైరైనవాళ్లకూ ఇది వర్తిస్తుంది. నెలకు పది రూపాయలన్నమాట.

మా బాబాయి స్పిన్నింగ్ మిల్లులో ఇరవై రెండేళ్లు పనిచేశాడు. రిటైరైన రోజున దండ వేశారు, స్వీటు పెట్టారు, ఈ సంగతి చెప్పలేదు. రెండేళ్లు షుగర్ మాత్రలు మెడికల్ షాపులో కొన్నాడు. తర్వాత పాత సహోద్యోగి చెబితే ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసుకు వెళ్లి, సర్వీసు కాగితాలు ఇచ్చి, డబ్బు కట్టాడు. ఇప్పుడు డిస్పెన్సరీలో బీపీ, షుగర్ మందులు ఆయనకూ పిన్నికీ వస్తున్నాయి. ఆరోగ్యశ్రీ, వయ వందన ఇవ్వనిది సరిగ్గా ఇదే. మీ నాన్నో మామయ్యో మిల్లులో, బీడీ ఫ్యాక్టరీలో, ఫార్మా కంపెనీలో పనిచేసి ఉంటే పాత ఈఎస్‌ఐ నంబరు కోసం ఈ ఆదివారం పెట్టె వెతకండి. పెద్ద ఆపరేషన్లకు మాత్రం దీన్నొక్కదాన్నే నమ్ముకోకుండా పైన చెప్పిన కార్డు కూడా పెట్టుకోండి.

ప్రైవేటు పాలసీ: ఎవరికి లాభం, ఎవరికి వృథా

ఊళ్లో ఉన్న అమ్మానాన్నల కోసం హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న పిల్లలు మొదట అడిగేది ఇదే. ప్రేమతోనే అడుగుతారు. అందుకే లెక్క నిదానంగా చూడాలి.

2024 ఏప్రిల్ నుంచి ఐఆర్‌డీఏఐ (బీమా కంపెనీలను నియంత్రించే సంస్థ) కొత్త నిబంధనల వల్ల వయసు ఎక్కువైందనే కారణంతో తలుపు మూసేసే పాత పద్ధతి పోయింది. పాత జబ్బులకు వేచి ఉండాల్సిన గరిష్ఠ కాలం 48 నెలల నుంచి 36 నెలలకు తగ్గింది. 2025 జనవరి నుంచి సీనియర్ సిటిజన్ల ప్రీమియం ఏడాదిలో 10 శాతానికి మించి పెంచాలంటే కంపెనీ ముందు ఐఆర్‌డీఏఐతో సంప్రదించాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ పూర్తిగా తీసేశారు. ఇవన్నీ మంచి మార్పులే.

అయినా 72 ఏళ్ల మనిషికి కొత్త పాలసీ అంటే ఏడాదికి పదుల వేల ప్రీమియం. షుగర్, బీపీ ఉన్నాయంటే వాటికి సంబంధించిన చికిత్సకు మూడేళ్ల వరకు ఆగాలి. కంటి శుక్లాలు, మోకాలి చిప్ప మార్పిడి, హెర్నియా లాంటి వాటికి చాలా పాలసీల్లో రెండేళ్లు ఆగాలి. పెద్దవాళ్లకు వచ్చేవి అవే జబ్బులు. పైగా సీనియర్ పాలసీల్లో కో-పే ఉంటుంది, బిల్లులో 20 శాతమో అంతకంటే ఎక్కువో మనమే కట్టాలి. అంటే మొదటి మూడేళ్లు కట్టిన డబ్బుకు అందే రక్షణ చాలా తక్కువ.

పేద ఇంట్లో 70 దాటినవాళ్లకు నేనైతే పాలసీ కొనమని చెప్పను. రెండు ఉచిత కార్డులు చేతిలో ఉండగా అప్పు చేసి ప్రీమియం కట్టడం అన్యాయం. ఆ డబ్బు నెలనెలా పక్కన పెడితే మందులకూ రానుపోను ఖర్చులకూ పనికొస్తుంది.

కానీ 60 నుంచి 69 మధ్య ఉండి, తెల్లకార్డు లేనివాళ్ల, ఏపీలోనైతే ఆదాయ పరిమితి దాటినవాళ్ల సంగతి వేరు. ఆరోగ్యశ్రీ లేదు, వయ వందనకు వయసు చాలదు. చిన్న కిరాణా కొట్టు, ఆటో, ప్రైవేటు స్కూల్లో టీచరు ఉద్యోగం చేసి ఆగిపోయినవాళ్లు ఎక్కువగా ఈ సందులో పడిపోతారు. వాళ్లు మాత్రం ఒంట్లో బాగున్నప్పుడే, వీలైతే 60 నిండగానే పాలసీ తీసుకోవాలి. మూడేళ్ల గడువు అప్పుడే మొదలైతే 65 వచ్చేసరికి అది పూర్తిగా పనికొచ్చే స్థితిలో ఉంటుంది. ప్రపోజల్ ఫారంలో బీపీ, షుగర్ దాచొద్దు. ఏజెంటు "రాయకండి సార్, నేను చూసుకుంటా" అన్నా రాయించండి. క్లెయిమ్ తిరస్కరించేటప్పుడు కంపెనీ చూపే మొదటి కారణం అదే, ఆ రోజు ఏజెంటు ఫోన్ ఎత్తడు. పాలసీ కాగితం అందాక నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేయొచ్చు. ఆ నెలలో కూర్చుని కో-పే ఎంత, గది అద్దె పరిమితి ఎంత అని రెండు పేజీలు చదవండి. క్లెయిమ్ అన్యాయంగా తిరస్కరిస్తే ముందు కంపెనీకి రాసి, అక్కడ తేలకపోతే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారికి) ఫిర్యాదు చేయొచ్చు. దానికి ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

నెలనెలా మందుల ఖర్చు

కార్డులు కవర్ చేయని ఈ ఖర్చుకు దారులు ఉన్నాయి, కానీ వాటిని ఒక్కచోట చెప్పేవాళ్లు లేరు.

బీపీ, షుగర్ మందులు పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) ఉచితం. రెండు రాష్ట్రాల్లోనూ ఎన్‌సీడీ (బీపీ, షుగర్ లాంటి అంటుకోని జబ్బులు) పేరుతో పెద్దవాళ్ల పేర్లు నమోదు చేసి నెలకు సరిపడా ఇస్తారు. ఆశా వర్కరుకో ఏఎన్ఎంకో చెప్పి ఆ రిజిస్టరులో పేరు రాయించుకోవాలి, అంతే. స్టాకు లేని మందులకు జన ఔషధి కేంద్రం. అక్కడ ధర బ్రాండ్ మందులతో పోలిస్తే సగం కంటే తక్కువ, కొన్నిటికి పదో వంతు. డాక్టరు రాసిన బ్రాండ్ పేరు చూపిస్తే "లేదు" అంటారు కాబట్టి, స్ట్రిప్ మీద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చూపించండి: టెల్మిసార్టాన్, మెట్‌ఫార్మిన్, ఆటోర్వాస్టాటిన్, అలా. మా అత్తగారికి నేను పాత స్ట్రిప్‌లన్నీ చిన్న డబ్బాలో వేసిచ్చాను. దుకాణంలో ఆ డబ్బా తెరిచి చూపిస్తుంది, చదవడం రాకపోయినా ఇబ్బంది లేదు.

డయాలసిస్, మంచాన పడటం లాంటి పరిస్థితుల్లో పింఛను కూడా ఆరోగ్య రక్షణే. ఏపీలో వృద్ధాప్య పింఛను 4,000, డయాలసిస్‌లో ఉన్న కిడ్నీ రోగులకు 10,000, పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకు 15,000. తెలంగాణలో డయాలసిస్ రోగులకు ఆసరా పింఛను కింద 2,016. వృద్ధాప్య పింఛను వస్తోంది కదా అని చాలామంది పెద్ద మొత్తం ఉన్న విభాగానికి దరఖాస్తే పెట్టుకోరు. ఏపీలో అయితే గ్రామ సచివాలయంలో అడగండి. ఏపీలో 2025లో దివ్యాంగుల పింఛన్ల మీద పెద్ద తనిఖీ జరిగింది. మళ్లీ అలాంటి నోటీసు ఎప్పుడొచ్చినా భయంతో పక్కన పడేయకుండా, చెప్పిన తేదీకి సదరం (వైకల్యం ధ్రువీకరించే) కాగితాలతో హాజరవ్వాలి. హాజరు కాకపోతే వాదన వినే అవకాశమే పోతుంది.

ఏ కార్డూ పనికిరాని చికిత్స తగిలితే ముఖ్యమంత్రి సహాయ నిధి ఉంది. ఆపరేషన్‌కు ముందైతే ఎల్‌ఓసీ (ఖర్చు భరిస్తామని ఆస్పత్రికి ప్రభుత్వం ఇచ్చే లేఖ), అయిపోయాకైతే ఒరిజినల్ బిల్లులతో దరఖాస్తు. ఎమ్మెల్యే ఆఫీసులో అడిగితే చెప్తారు. దీన్ని చివరి దారిగానే ఉంచుకోండి. ఎంత వస్తుందో, ఎప్పుడు వస్తుందో ముందే తెలియదు.

ఉన్నది పోకుండా

కొత్త కార్డు తీయడం కంటే ఉన్నది నిలబెట్టుకోవడానికే ఎక్కువ ఓపిక కావాలి. రేషన్ కార్డులో ఈకేవైసీ పూర్తయిందా అని డీలరు దగ్గర అడిగితే యంత్రంలో చూసి చెప్తాడు. అమ్మానాన్నల పేర్లు కొడుకు కార్డులో ఉండి, కొడుకు పట్నంలో విడిగా ఉంటూ టాక్స్ కడుతుంటే, వాళ్లు నిజంగానే వేరుగా వండుకు తింటున్నట్టయితే, కార్డు విడగొట్టమని దరఖాస్తు ఇవ్వడం వాళ్ల హక్కు. మా ఊళ్లో దీన్ని ఇంట్లో గొడవగా చూస్తారు, "అమ్మానాన్నలను వేరు పెట్టారా" అని. అది కాగితం మీద విడదీయడమే, మనుషుల్ని కాదని తల్లికి కూర్చోబెట్టి చెప్పండి. ఉన్న పరిస్థితిని ఉన్నట్టు రాయండి. లేని విభజన రాస్తే రేపు తనిఖీలో ఆ పెద్దవాళ్లే ఇబ్బంది పడతారు.

ఆధార్‌లో పుట్టిన తేదీ సంగతి ఇంకా నెమ్మదిగా చేయాలి. మన ఊళ్లలో పెద్దవాళ్లకు ఆ రోజు క్యాంపులో ఎవరో అందాజగా జనవరి 1 అని వేసేశారు. నిజంగా 73 ఏళ్లున్న మనిషి ఆధార్‌లో 66గా ఉంటే వయ వందన రాదు. పుట్టిన తేదీని మామూలుగా ఒక్కసారే మార్చుకోనిస్తారు. కాబట్టి స్కూలు సర్టిఫికెట్టో ఉద్యోగ కాగితమో గట్టి ఆధారం చేతిలో పెట్టుకుని ఆ ఒక్క అవకాశాన్ని వాడండి. రేషన్ కార్డులో "లక్ష్మమ్మ", ఆధార్‌లో "లక్ష్మి" అని ఉన్నా ఆస్పత్రిలో ఆగుతుంది. అది ఇప్పుడే సరిచేయించండి.

ఆస్పత్రిలో పథకం కింద చేరాక డబ్బు అడిగితే ఊరుకోవద్దు. నాన్నకు ఆపరేషన్ చేసిన చోట స్కానింగ్‌కని 6,500 కట్టించుకున్నారు. నేను రసీదు అడిగాను, అది తీసుకుని ఆరోగ్యమిత్ర దగ్గర పెట్టి, 104కు ఫోన్ చేశాను. రెండో రోజు డబ్బు తిరిగిచ్చారు. రసీదు లేకపోతే నా మాట నిలిచేది కాదు. రాష్ట్ర పథకాలకు 104, ఆయుష్మాన్‌కు 14555. పెద్దవాళ్లు ఒంటరిగా ఉండి ఎవరిని అడగాలో తెలియకపోతే 14567, అది వయోవృద్ధుల హెల్ప్‌లైన్, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు.

మా ఇంట్లో ఇప్పుడు ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. నాన్న రేషన్ కార్డు నంబరు, వయ వందన కార్డు జిరాక్సు, వాడుతున్న మందుల అసలు పేర్లు, ఏ మందు పడదో, ఎముకలకూ గుండెకూ ఆరోగ్యశ్రీ ఉన్న రెండు ఆస్పత్రుల పేర్లు, వాటి ఆరోగ్యమిత్రల ఫోన్ నంబర్లు. ఆ నంబర్లను మూడు నెలలకోసారి నేనే ఫోన్ చేసి సరిచూస్తాను, ఎందుకంటే మనుషులు మారుతుంటారు. అమ్మకు చదవడం రాదు కాబట్టి ఏ ఆస్పత్రి దేనికో తెలిసేలా ఒక నంబరు పక్కన ఎముక బొమ్మ, ఇంకోదాని పక్కన గుండె బొమ్మ గీసి పెట్టాను.